బూడిదరంగు వేసిన ఇల్లు

సూర్యావతి గారిల్లంటే బంధువులందరికీ నవ్వులాట. భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లే రోడ్డు మీద రొయ్యల చెరువులు దాటాక, కుడిచేతి సందులో ఉంటుంది ఆ ఇల్లు. బయటి నుంచి చూస్తే అందరి ఇళ్లలాగే పెద్దమనిషిలా ఉంటుంది. లోపల అడుగు పెట్టారా, అయిపోయింది. హాలు చిలకపచ్చ. వంటిల్లు పసుపుముద్ద. దేవుడి గది నీలం, అదీ మామూలు నీలం కాదు, తెల్లబట్టలకి పెట్టే నీలిమందు రంగు. పడకగది వంగపండు రంగు, వెనక వసారా ఇటుక ఎరుపు. ఆడపడుచులు వచ్చినప్పుడల్లా "తిరునాళ్లకి వచ్చినట్టుందండి వదినగారూ" అని ఏడిపించేవారు. సూర్యావతి కూడా వాళ్లతో కలిసి నవ్వేసి కాఫీలు కలపడానికి లోపలికి వెళ్లిపోయేది.

రంగుల రుచి తెలియని మనిషని అనుకుంటే అనుకోనీ, ఏం పోయింది! ఆ రంగులు ఎందుకో తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే ఇద్దరు. ఒకరు సూర్యావతి, రెండోవారు ఆమె భర్త జగపతిరాజు. సూర్యావతికి కళ్లు పోతున్నాయి.

ఒక్కసారిగా కాదు, పక్కల నుంచి. ఎదురుగా ఉన్న మనిషి ముక్కూ మొహమూ బాగానే కనపడతాయి. ఆ మనిషి పక్కన ఇంకొకరు నిలబడి ఉంటే ఉన్నట్టే తెలియదు. కాగితం గొట్టంలా చుట్టి కంటికి పెట్టుకుంటే ఎంత కనపడుతుందో అంతే ఆమెకి మిగిలింది. ఏడాదికేడాది ఆ గొట్టం సన్నబడుతోంది. పొద్దు వాలితే ఆ కాస్తా లేదు. అలాంటి మనిషికి గోడ రంగే ఆనవాలు. పచ్చ అయిపోయి పసుపు తగిలిందంటే గుమ్మం వచ్చిందన్నమాట, వంటిల్లు ఒక మెట్టు పల్లం కాబట్టి కాలు జాగ్రత్తగా దించాలి. నీలం కనపడితే దేవుడి గది, చెప్పుల్లేకుండా వెళ్లాలి. ఎరుపు కనపడితే వసారా, అక్కడ స్తంభం ఉంది. కన్ను చెప్పనిదంతా గోడ చెప్పేది. ఆ గోడల పుణ్యమా అని ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాకుండా నెట్టుకొచ్చింది.

ఆమె పుట్టిల్లు పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వాళ్లింట్లో ఎప్పుడూ ఎవరో ఒక ముసలావిడకి రేచీకటి ఉండేది. సూర్యావతి చిన్నప్పుడు అది వాళ్ల అమ్మమ్మకి. మునగాకు కూర, మేక కార్జం పెట్టేవారు, అయినా తగ్గేది కాదు. చివరికి ఆవిడ లోపలి గదిలో మంచం దిగకుండా కూర్చుండిపోయింది. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు, వయసు మీద పడిందన్నారు. ఆ కుటుంబంలో పెళ్లిళ్లన్నీ మేనరికాలే. బయటివాళ్లకిచ్చి పిల్ల ఎలా ఉందో అని బెంగపడటం ఎందుకు, మన పిల్ల మన కళ్లముందే ఉంటుంది కదా అనేవారు పెద్దలు. కళ్లముందే! అలాగే సూర్యావతిని మేనమామ కొడుకు జగపతిరాజుకిచ్చి చేశారు. చిన్నప్పటి నుంచి ఆడుకున్న బావే. గట్టిగా మాట్లాడటం తెలియని మనిషి. ఆ ఇళ్లలో పసిపిల్లల్ని కూడా అండీ అనే పిలుస్తారు, భార్యాభర్తలు ఒకరినొకరు నువ్వు అనుకోరు. సూర్యావతికి మొగుడి మీద చెప్పుకునేటంత కష్టమేమీ లేకుండానే కాపురం సాగింది.

కూతురు భవ్య ఒకటో తరగతిలో ఉండగా, ఒక సాయంత్రం చెరువుగట్టు మీద నడుస్తూ సూర్యావతి తిన్నగా నీళ్లలోకి అడుగేసింది. గట్టు మలుపు తిరిగిందని కనపడలేదు. మర్నాడే జగపతిరాజు కారు కట్టించి రాజమహేంద్రవరం కళ్లాసుపత్రికి తీసుకెళ్లాడు. చీకటి గదిలో కూర్చోబెట్టి ఏవేవో దీపాలు వేసి చూసింది అక్కడి డాక్టరు. డాక్టరే చిన్న వయసు పిల్ల. చూసి, ఉన్న మాట చెప్పేసింది. కంటి వెనక పొర ఎండిపోతోంది, దీనికి మందు లేదు, ఆపరేషన్ లేదు, చూపు మెల్లమెల్లగా మూసుకొస్తుంది. దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో వస్తుంది. ఇకమీదట మేనరికాలు చేయకండి. ఇంకో మాట కూడా చెప్పింది. పాపని ఒకసారి తీసుకురండి, ఉంటే ముందే తెలుస్తుంది, చదువైనా ఉద్యోగమైనా దానికి తగ్గట్టు చూసుకోవచ్చు అంది.

తిరుగు ప్రయాణంలో గోదావరి వంతెన దాటేదాకా జగపతిరాజు నోరు విప్పలేదు. దాటాక డ్రైవరుకి వినపడకుండా, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి అన్నాడు. పిల్లకి తెలిస్తే బెంగ పెట్టుకుంటుంది, బయటికి పొక్కితే రేపు సంబంధం రాదు, పిల్ల హాయిగా పరుగులు పెడుతోంది కదా, తనకేం లేదు, మనం మాత్రం బయటి సంబంధమే చేద్దాం అన్నాడు. సూర్యావతి తలూపింది. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో వీళ్లకి వీలైనది విన్నారు, భయపెట్టింది వదిలేశారు. పిల్లని తీసుకెళ్లలేదు.

తీసుకెళ్లకపోయినా తల్లి ప్రాణం ఊరుకుంటుందా. పొద్దు వాలగానే ఏదో ఒక వంకతో భవ్యని పెరట్లోకి పంపేది. ఆ తొట్టి పక్కన చెంబు పట్రండమ్మా, ఆ తాడు మీద తువ్వాలు పట్రండమ్మా అనేది. పిల్ల గెంతుకుంటూ వెళ్లి గెంతుకుంటూ తెచ్చేది. ఎక్కడా తట్టుకోలేదు, ఎక్కడా తడుముకోలేదు. కొన్నేళ్లు అలా చూసి చూసి, దేవుడి దయవల్ల నాతోనే ఆగిపోయిందని సూర్యావతి ఊపిరి పీల్చుకుంది. తన చూపు తరుగుతున్న కొద్దీ ఒక్కో గదికి ఒక్కో ముదురు రంగు వేయించుకుంటూ వచ్చింది. పెయింటర్ వీరబాబుకి ఆ ఇంటి పనంటే సరదా. "మీ ఇంట్లో అయితే రంగేసినట్టు తెలుత్తాదండమ్మగారూ" అనేవాడు. జగపతిరాజు మాట్లాడకుండా డబ్బాలు తెప్పించేవాడు. పని మనిషి లక్ష్మికి ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఆవిడ ఏ గదిలో ఉన్నా గాజులు గలగలలాడించటమో, కూనిరాగం తీయటమో చేస్తుండేది. ఎందుకని సూర్యావతి ఎప్పుడూ అడగలేదు.

భవ్య ఇంజనీరింగ్ చదివి, ఇంట్లోంచే ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తోంది. ముందుగది తలుపేసుకుని, కర్టెన్లు దించుకుని రోజంతా కంప్యూటర్ ముందే. ఎండలోకి వస్తే నల్లకళ్లద్దాలు. సాయంత్రాలు భీమవరం వెళ్లొచ్చే స్కూటర్ ఎప్పుడో మానేసింది. ఇప్పటి పిల్లలు ఇంతే కదా అనుకుంది సూర్యావతి. కాలేజీలో తనతో చదివిన కార్తీక్ అంటే భవ్యకి ఇష్టమని తెలిసినప్పుడు ఇంట్లో అందరికీ సంతోషమే. అతని తండ్రి శ్రీనివాసరాజు గారిది భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం. మంచి కుటుంబం, అన్నిటికంటే ముఖ్యం, ఏ వైపు నుంచీ చుట్టరికం లేదు. వాళ్లొచ్చి ఈ ఇంట్లోనే తాంబూలాలు పుచ్చుకునేలా మాట్లాడుకున్నారు. ఇక సూర్యావతికి ఒకటే ధ్యాస. పెళ్లి అయిపోయేదాకా తన కళ్ల సంగతి బయటపడకూడదు. పడిందా, తల్లికి ఉన్నది కూతురికి లేదని ఎవరు నమ్ముతారు? పిల్ల కోరుకున్నవాడు పిల్లకి దక్కడు.

సరిగ్గా అప్పుడే భవ్య ఇల్లంతా రంగులు మార్పించాలంది.

షేడ్ కార్డు తెచ్చి తల్లి చేతిలో పెట్టి ఒక రంగు మీద వేలు పెట్టింది. వార్మ్ గ్రే అట. ముందుగది నుంచి వసారా దాకా గోడలన్నీ అదే. తలుపులు అదే, గుమ్మాలు అదే, కర్టెన్లు కూడా దానికి తగ్గవే. ఎక్కడా మెరుపు ఉండకూడదు, మ్యాట్‌గా ఉండాలి. వీరబాబు తల గోక్కున్నాడు. ఇల్లంతా ఒకటేనా అండీ, సిమెంటు పూసి వదిలేసినట్టుంటాదేమో అన్నాడు. అలా ఉండదని భవ్య ఓపిగ్గా చెప్పింది. ఇది చల్లటి బూడిద కాదు, కొంచెం గోధుమ కలుస్తుంది, వెచ్చగా ఉంటుంది, కంటికి హాయిగా ఉంటుంది అంది. ఆ కంటికి హాయి అన్న మాట సూర్యావతి చెవిన పడింది, మనసున పడలేదు.

ఆమె చేయగలిగినంత చేసింది. పెళ్లింట్లో బూడిదేంటమ్మా, శుభమా అంది. భవ్య నవ్వింది. పోనీ వంటిల్లు వదిలేయండి అంది. ఒక్క గది అలా ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుందంది కూతురు. పోనీ తలుపులైనా ఉండనీయండి. వీల్లేదు. "ఈ రంగుల మధ్య వాళ్ల ముందు నేను కూర్చోలేనమ్మా, ప్లీజ్" అంది భవ్య. ఎప్పుడూ ఏదీ పట్టుబట్టి అడగని పిల్ల. అసలు సంగతి సూర్యావతి నోటిదాకా వచ్చింది. జగపతిరాజు పేపరు దించి ఒక్క చూపు చూశాడు. ఆ చూపు సరిగ్గా ఆ గొట్టంలోనే పడింది, ఖర్మ. ఆమె నోరు మూసుకుంది. తర్వాత ఆయన గదిలోకి వచ్చి, తాంబూలాలు పుచ్చుకునేదాకా ఓపిక పట్టండి, పెళ్లయ్యాక మీ ఇష్టమొచ్చిన రంగు వేయించుకుందురు గాని అన్నాడు. మంచంలో అమ్మమ్మ గుర్తొచ్చి సూర్యావతి ఆ రోజు అన్నం తినలేదు.

వీరబాబు మనుషులు ముందుగదితో మొదలుపెట్టారు. పుట్టీ గీకి, ప్రైమర్ కొట్టి, రోలర్ తిప్పుకుంటూ ఒక్కో గదీ దాటి వస్తుంటే సూర్యావతి వంటింట్లో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండేది. హాలు పోయింది. పడకగది పోయింది. దేవుడి గది నీలం పోయిననాడు ఆమె పూజకి వెళ్లి తలుపనుకుని గోడని నెట్టింది. నుదురు చిట్లింది. తడిగచ్చు మీద కాలు జారిందని చెప్పింది. చివరికి వంటిల్లు. పసుపు మీద మొదటి పట్టీ పడుతుంటే ఆమె అక్కడే నిలబడి చూసింది, ఉన్న కాస్త చూపుతో. ఆ సాయంకాలానికి ఆమె ఇల్లు ఆమెకి లేకుండా పోయింది. ఎటు తిరిగినా ఒకటే మబ్బు. గోడ ఎక్కడ ఆగిందో తలుపు ఎక్కడ మొదలైందో తెలియదు. పాతికేళ్లు తిరిగిన ఇంట్లో బస్టాండులో తప్పిపోయిన పిల్లలా నిలబడిపోయేది. కూతురి మీద పట్టరాని కోపం వచ్చేది. పిల్లకేం తెలుసు పాపం అని వెంటనే తనని తనే తిట్టుకునేది.

పెనం మీద చెయ్యి పెట్టింది. వంటింటి మెట్టు దగ్గర తూలింది. లక్ష్మి చూడలేక ఎర్ర జాకెట్టు గుడ్డ పీలిక చించి వంటింటి తలుపు పిడికి కట్టింది. రెండు రోజులు దాన్ని పట్టుకుని గడిచింది. మూడోనాడు భవ్య చూసి, ఏంటమ్మా ఈ పీలికలు అని విప్పి పారేసింది. లక్ష్మి ఏదో అనబోతే సూర్యావతి చేత్తోనే ఆపింది. ఆడపడుచులు వచ్చి, "ఇప్పుడు కదండీ ఇల్లు ఇల్లులా ఉంది, మేనకోడలు గారు బాగు చేశారు" అని మెచ్చుకున్నారు. సూర్యావతి ఈసారి కూడా నవ్వింది. కాఫీ కలపడానికి మాత్రం లేవలేదు, కుర్చీలోంచే లక్ష్మిని కేకేసింది.

తాంబూలాల రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. శ్రీనివాసరాజు గారు, ఆయన భార్య, కార్తీక్, ఇంకో నలుగురు పెద్దలు వచ్చారు. ఇల్లు చాలా బాగుందండి, హుందాగా ఉంది అన్నారు. సూర్యావతి ముందే అంతా ఆలోచించి పెట్టుకుంది. లేవాల్సిన పని వీలైనంత తక్కువ, లేచిన చోటల్లా పక్కన లక్ష్మి. కానీ వేళకి జగపతిరాజే లక్ష్మిని వాకిట్లోకి పంపాడు, డ్రైవర్లకి మజ్జిగ ఇచ్చి రమ్మని. అప్పుడే పురోహితుడు పళ్లెం తీసుకురమ్మన్నాడు. అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉన్నది హాలుకే.

దేవుడి గదిలో పళ్లెం సర్ది ఉంది. చీర, పసుపు కుంకుమ, తమలపాకులు, అరటిపళ్లు. సూర్యావతి రెండు చేతులా దాన్ని ఎత్తుకుని నడవలోకి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ముందు మబ్బు, వెనక మబ్బు. హాలు ఎటు? మాటలు వినపడుతున్నాయి, ఆ మాటలు ఏ వైపు నుంచో తేల్చుకోలేకపోయింది. చేతులు ఖాళీగా ఉంటే గోడని తడుముకునేది. పళ్లెం కింద పెట్టి తడుముకుంటే ఎవరైనా చూస్తారు. తీసుకురండమ్మా అని పురోహితుడు మళ్లీ పిలిచాడు. 

అప్పుడు గోడకి గాజులు రాసుకుంటున్న చప్పుడు వినపడింది. సన్నగా, గీరుకుంటూ, ఆగి ఆగి. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. ఇన్నేళ్లుగా సాయంత్రాలు తన చెయ్యి చేసే చప్పుడే అది. కానీ తన రెండు చేతులూ పళ్లెం కింద ఉన్నాయి.

చప్పుడు దగ్గరికొచ్చింది. వచ్చి వచ్చి ఆమెకే గుద్దుకుంది. పళ్లెం పెద్ద మోతతో కింద పడింది.

"అమ్మా, మీరా?" అంది భవ్య. "నిలబడ్డారా ఇక్కడ? పళ్లెం కోసం వచ్చాను, కనపడలేదు నాకు."

వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చిన లక్ష్మి నడవ చివర ఆగిపోయింది. "మరీ అంత చీకటేం లేదు కదండమ్మా, ఇద్దరూ ఎలా గుద్దుకున్నారండి?" అంది. 

సూర్యావతి కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ నువ్వు అనరని చెప్పాను కదా. "ఎప్పట్నించే నీకు?" అంది.

భవ్య చెప్పింది. చెప్పటం మొదలుపెట్టాక ఆపలేదు. రెండేళ్ల పైనుంచట. చీకటి పడితే దారి తెలియటం లేదట, స్కూటర్ మానేసింది అందుకేనట. కంప్యూటర్ వల్లేమో అనుకుందట. "లైటు వేస్తే ఆ పచ్చ గోడ, ఆ పసుపు గోడ కళ్లలో గుచ్చుకునేవమ్మా. కాసేపు ఏమీ కనపడేది కాదు. అందుకే గ్రే వేయించాను. మీరు బెంగ పెట్టుకుంటారని చెప్పలేదు. పెళ్లయ్యాక చూపించుకుందాం అనుకున్నా."

బెంగ పెట్టుకుంటారని. వంతెన దాటాక కారులో విన్న మాట మళ్లీ ఈ నోటి వెంట. సూర్యావతి ఇక దాచలేదు. తనకున్నదీ అదేనని, తను గోడలు చూసి నడిచేదని, రాజమహేంద్రవరం డాక్టరు చెప్పిందంతా, అక్కడ కింద దొర్లుతున్న పళ్ల మధ్య నిలబడి చెప్పేసింది.

"నన్ను తీసుకురమ్మన్నారా ఆవిడ?" అంది భవ్య.

"రమ్మన్నారు."

"అప్పుడు నేనెంత ఉన్నాను?"

"ఒకటో తరగతి."

 ఈలోగా జగపతిరాజు సెల్‌ఫోన్ లైటు వేసుకుని వచ్చాడు. భార్య మొహం, కూతురి మొహం చూశాడు. ఆయనకి అర్థం కావటానికి ఎంతసేపు పట్టిందో గానీ, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి, మళ్లీ అదే మాట అన్నాడు. ఇప్పుడేం మాట్లాడకండి, లక్ష్మీ ఆ పళ్లెం సర్దండి, వాళ్లు ఎదురు చూస్తున్నారు, తర్వాత చూసుకుందాం అన్నాడు. 

"మీరు నాకు దాచారు నాన్నగారూ. నేను వాళ్లకి దాచను" అంది భవ్య.

గోడకి చెయ్యి ఆనించుకుని హాలు వైపు నడిచింది. సూర్యావతి చెయ్యి చాచి కూతురి మణికట్టు అందుకుంది. ఆపుదామనే పట్టుకుంది, అందులో అబద్ధం లేదు. ఇంకో గంట నోరు మూసుకుంటే తాంబూలాలు అయిపోతాయి. పిల్ల కోరుకున్నవాడు పిల్లకి దక్కుతాడు. అన్నీ ఒక్క క్షణంలో ఆమె మనసులో తిరిగాయి. గోడకి రాసుకుని ఒరుసుకుపోయిన గాజులు వేళ్లకి తగిలాయి. ఇంకో ఇంట్లో, తెలియని గోడల మధ్య, ఎవరికీ చెప్పుకోకుండా ఈ పిల్ల ఇలా తడుముకుంటూ తిరగాలి. తనలాగా. సూర్యావతి చెయ్యి వదిలేసింది.

హాల్లో ఎవరూ గొడవ చేయలేదు. పెద్దమనుషులు కదా. భవ్య చెప్పినంతసేపూ విన్నారు. కార్తీక్ తల్లి, మీ ఇంట్లో ఇంకా ఎవరికైనా ఉందా అండీ అని అడిగింది. సూర్యావతి గుమ్మం పట్టుకుని, నాకుందండి, మా అమ్మమ్మకి ఉండేదండి అంది. శ్రీనివాసరాజు గారు చేతిలో ఉన్న తమలపాకులు చాప మీద మెల్లగా పెట్టేశారు. ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తామండి అన్నారు. కార్తీక్ వెళ్తూ వెళ్తూ భవ్య దగ్గర ఆగి, అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను అన్నాడు. మంచివాడే, కొన్నాళ్లు ఫోన్ చేశాడు. ఒకసారి, పుట్టబోయే పిల్లలకి వస్తుందా అని అడిగాడట. బయటి సంబంధమైతే చాలామటుకు రాదంటారని భవ్య చెప్పిందట. తర్వాత ఫోన్లు ఎడం అయ్యాయి, ఆ తర్వాత రాలేదు.

తల్లీకూతుళ్లు రాజమహేంద్రవరం వెళ్లారు. ఆ పాత డాక్టరు లేదు, ఇంకెవరో ఉన్నారు. అదే చీకటి గది, అవే దీపాలు. అదే జబ్బు. ముందే తెలిసుంటే ఏం చేసేవారండీ అని సూర్యావతి అడిగింది. ఆపగలిగేవాళ్లం కాదమ్మా, కానీ అమ్మాయి సిద్ధపడటానికి ఇన్నేళ్లు ఉండేవి అన్నాడు డాక్టరు. తిరిగి వస్తుంటే వంతెన మీద భవ్య అద్దం దించి, నది ఎంత కనపడుతోందమ్మా మీకు అని అడిగింది.

"ఒక ముక్క" అంది సూర్యావతి.

"నాకింకా చాలా కనపడుతోంది" అంది భవ్య.

ఆ ఇంకా అన్న మాటకి సూర్యావతి కారులోనే భోరుమని ఏడ్చింది. నేను చేసిన పనికి నన్ను తిట్టవే, నాలుగు మాటలను అంది. భవ్య తిట్టలేదు. ఊరుకోమని అనలేదు కూడా. చాలా రోజులు తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు, తండ్రితో అదీ లేదు. జగపతిరాజు పొద్దున్నే చెరువుల మీదికి పోయి పొద్దుపోయాక వచ్చేవాడు. ఇంట్లో ముగ్గురున్నా లక్ష్మి గాజుల చప్పుడొక్కటే వినపడేది. ఆ బూడిదరంగు ఇంటికి అప్పటికి సరిగ్గా అతికింది.

ఒకరోజు పొద్దున వీరబాబు వచ్చాడు. అమ్మాయిగారు ఫోన్ చేసి రమ్మన్నారండి అన్నాడు. వంటింట్లో కూర గిన్నె దించుతున్న సూర్యావతి గిన్నె అక్కడే వదిలేసింది. తడుముకుంటూ మెట్టెక్కి హాల్లోకొచ్చి, గోడలు మాత్రం ముట్టుకోవద్దు వీరబాబూ, అమ్మాయికి ఈ రంగే హాయి, నేను ఎలాగోలా అలవాటు పడతాను అంది.

"గోడలు కాదమ్మా" అంది భవ్య. వీరబాబు చేతిలోంచి షేడ్ కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. చాలా దగ్గరగా పెట్టుకుని చూసింది. తలుపులకీ గుమ్మాలకీ వెయ్యమంది. వంటింటికి పసుపు, దేవుడి గదికి నీలం, వసారాకి ఎరుపు, పడకగదికి వంగపండు, హాలుకి చిలకపచ్చ. మెట్టు అంచుకి కూడా పసుపు పట్టీ లాగమంది. ఏది ఎక్కడుండేదో ఒక్కటీ తప్పు చెప్పలేదు. సూర్యావతి గోడ పట్టుకుని నిలబడి ఒక్కో రంగు పేరూ వింది.

వీరబాబు సంతోషపడ్డాడు పాపం, అతనికేం తెలుసు. లైటుగా వెయ్యమంటారా అండీ, ముదురుగా వెయ్యమంటారా అని అడిగాడు.

"ముదురుగానే వేసెయ్యండి" అంది భవ్య. "అమ్మకి ఇప్పుడు కావాలి. నాకు తర్వాత కావాలి."

ఆయ్, అలాగేనండి అని వీరబాబు బ్రష్షులు తేవడానికి వాకిట్లోకి వెళ్లాడు.